ఒకే గిటారు, రెండు పెట్టెలు

తలుపు గట్టిగా నెట్టండి. అంచుకి రబ్బరు బీడింగు ఉంది, ఊరికే పడదు. ఆ, ఇప్పుడు పడింది. సైనిక్‌పురి రోడ్డు మీది హారన్లు, సందులో కుక్కల అరుపులు, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి చూడండి. ఇదే మన జామ్ రూము. గోడలకి నల్ల ఫోము, నేల మీద పాత కార్పెట్టు, మూలన డ్రమ్స్ మీద కప్పిన బెడ్‌షీటు. ఏసీ ఆపేశాను. కాసేపట్లో చెమటలు పడతాయి, ఓర్చుకోవాలి. ఆ గాలి చప్పుడులో మనం వెతికే తేడాలు దొరకవు. ట్యూబ్‌లైటు కూడా ఆపుతున్నాను, టేబుల్ ల్యాంపు చాలు. మీ చేతికిచ్చింది స్ట్రాటోకాస్టర్. దాని సింగిల్ కాయిల్ పికప్పులు ట్యూబ్‌లైటు చోక్ దగ్గరకొస్తే జుయ్యిమంటాయి.

స్టూలు మీద కూర్చోండి. రెండు మానిటర్ స్పీకర్లు మీ తలకి సరిగ్గా ఎదురుగా, చెవుల ఎత్తులో ఉన్నాయి. కదలకండి, ఇక్కణ్ణుంచే వినాలి.

టేబుల్ మీద ఎడమవైపు వంపు తిరిగిన ఎర్ర పెట్టె ఉంది కదా, అది లైన్ 6 వాళ్ళ పాడ్ ఎక్స్‌టీ, గిటారు ఆంప్ ధ్వనిని లెక్కలతో అనుకరించే మోడలర్. 2000ల తొలినాళ్ళది. నాబుల చుట్టూ అంకెలు వేళ్ళ రాపిడికి కొంత చెరిగిపోయాయి. కుడివైపు నల్లటి చిన్న పెట్టె, మూడు ఫుట్‌స్విచ్‌లున్నది, అదే కంపెనీ 2018లో తెచ్చిన హెచ్ఎక్స్ స్టాంప్. 2015లో ఆ కంపెనీయే తెచ్చిన హీలిక్స్‌లోని ఆంప్ మోడళ్ళే దీన్లోనూ ఉన్నాయి. రెండూ ఒకే కంపెనీవి కావడం కావాలనే. వేర్వేరు కంపెనీలవి పెడితే వాళ్ళ వాళ్ళ అభిరుచుల తేడా కూడా వచ్చి కలుస్తుంది. ఇక్కడ తేడా సుమారు పదిహేనేళ్ళ కాలానిది మాత్రమే.

అడాప్టర్లు చూసి పెట్టండి. రెంటికీ 9 వోల్టులే, కానీ ఎర్రదానికి ఏసీ కావాలి, నల్లదానికి డీసీ కావాలి. చీకట్లో ఒకటి పెట్టబోయి ఇంకొకటి పెడితే పెట్టె పోతుంది. అందుకే ఎర్రదాని వైరుకి ఎర్ర టేపు చుట్టి ఉంచాను.

ఇప్పుడు వాయించండి. ఏదైనా సరే. ముందు ఎర్ర పెట్టెలో, ఫెండర్ డీలక్స్ రివర్బ్ నమూనా మీద. ఓపెన్ ఈ మేజర్ కార్డు ఒకటి కొట్టి వదిలేయండి, తర్వాత అదే కార్డుని విడివిడి తీగలుగా. సరే. ఇప్పుడు నల్లదాంట్లో, అదే ఆంప్ నమూనా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రీసెట్టే.

మీ ముఖంలోనే తెలుస్తోంది. నల్లదాంట్లో కార్డు గదంతా పరుచుకుంది. తీగ మీద పిక్ తగిలిన చప్పుడు స్పష్టంగా ఉంది. రూము చూసుకునే కుర్రాడు ల్యాప్‌టాప్ వెనకనుంచి తల ఎత్తాడు.

“అన్నా, పాతదాంట్ల సౌండ్ మీద దుప్పటి గప్పినట్టుంది.”

చాలామంది ఇక్కడితోనే తీర్పు రాసేస్తారు. పాత పెట్టెని అమ్మకానికి పెట్టేస్తారు. మనం మాత్రం ఆ కుర్రాణ్ణి మీటరు చూడమందాం.

“తమ్మీ, రెండిటి లెవెల్ ఎంతుంది?”

“నల్లది అయిదు డీబీ ఎక్కువుందన్నా.”

అయిదు డెసిబెల్స్ అంటే తక్కువ కాదు. ఒకే ధ్వని కాస్త పెద్దగా వినిపిస్తే చాలు, బాగుందనుకోవడం మన చెవి గుణం. ధ్వని తగ్గేకొద్దీ బేస్, ట్రెబుల్ చివరలు చెవికి మరింత తొందరగా మసకబారతాయని 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. కాబట్టి చిన్నగా వినిపించింది పలచగా కూడా అనిపిస్తుంది. నల్లదాన్ని అయిదు డెసిబెల్స్ దించండి. మళ్ళీ వాయించండి.

తేడా తగ్గింది. పోలేదు, తగ్గింది. దుప్పటి ఇంకా ఉంది. ఇంతకీ అది ఎవరు కప్పారో చూడాలి.

ఈ అద్దం అవతల చిన్న గది కనిపిస్తోందా? అందులో ఉన్నది అసలు ఆంప్, 1965 నాటి డీలక్స్ రివర్బ్‌కి ఫెండర్ చేసిన రీఇష్యూ. 22 వాట్లు, రెండు 6వీ6 ట్యూబులు, ఒక 12 అంగుళాల జెన్సెన్ స్పీకరు. దాని ముందు ష్యూర్ ఎస్ఎం57 మైకు, స్పీకరు మధ్య మూత అంచుకి గురిపెట్టి ఉంది. స్విచ్ వేశాను. ట్యూబులు ఎర్రబడనివ్వండి, తొందర లేదు.

ఈలోగా ఈ పెట్టెల పుట్టుక కొంచెం చెప్తాను. గిటారు ధ్వనిని లెక్కలుగా మార్చి ఆంప్‌ని పోలేలా చేసే పనిని రోలాండ్ కంపెనీ 1995లో వీజీ-8తో బయటపెట్టింది. ఆ మరుసటి ఏడాది, 1996లో కాలిఫోర్నియాలో లైన్ 6 వాళ్ళు యాక్సిస్ 212 అనే ఆంప్ తెచ్చారు. 1998లో పాడ్ వచ్చింది. లైన్ 6 పెట్టిన మార్కస్ రైల్, మిషెల్ డాయ్‌డిక్ ఇద్దరూ అంతకుముందు ఓబర్‌హైమ్ సింథసైజర్ల దగ్గర పనిచేసినవాళ్ళు. తర్వాత ఫాస్ట్ ఫార్వర్డ్ డిజైన్స్ పేరుతో అలెసిస్ లాంటి కంపెనీలకి సరుకు తయారుచేసిచ్చేవారు. గిటారు పని అప్పటికి గుట్టు. ఆఫీసులో ఫోన్ లైన్లు అయిదే. బయటి కంపెనీవాళ్ళు వస్తుంటే రిసెప్షన్‌లోని ఆవిడ ‘ఆరో లైన్‌లో ఫోను’ అని మైకులో పిలిచేది. వెంటనే లోపల గిటార్లు ఆపేసేవారు. ఆ గుట్టు పిలుపే కంపెనీకి పేరైంది.

అమెరికాలో ఫ్రాక్టల్ ఆడియో యాక్స్-ఎఫ్ఎక్స్, 2011లో జర్మనీలోని రెక్లింగ్‌హౌజెన్ నుంచి క్రిస్టఫ్ కెంపర్ తెచ్చిన ప్రొఫైలర్, ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలోని న్యూరల్ డీఎస్పీ చేసిన క్వాడ్ కార్టెక్స్, ఇవన్నీ ఆ తర్వాత వచ్చినవి. మన ఊళ్ళలో ఇవి పాకడానికి ఒకటే కారణం, ఇల్లు. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో 22 వాట్ల ట్యూబ్ ఆంప్‌ని దాని అసలు స్వరం పలికేంత పెంచితే పక్క ఫ్లాటు పిల్లల చదువు పాడవుతుంది. ఆ గొంతు కావాలి, అంత చప్పుడు వద్దు. ఇంత న్యాయమైన కోరికని తీర్చినందుకు నాకు ఆ ఎర్ర పెట్టె అంటే ఇప్పటికీ గౌరవం.

ట్యూబులు సిద్ధం. ఆంప్ వాల్యూమ్ 6 మీద పెట్టాను. మీ గిటారు కేబుల్ ఇప్పుడు అద్దం అవతలికి పోతోంది, మైకు పట్టిన ధ్వని మీ ముందున్న మానిటర్ల నుంచి వస్తుంది. వాయించండి.

గమనించారా? అసలు ఆంపే ఇది. అయినా మీరు అనుకున్నంత భారీగా లేదు. కావాలంటే తలుపు తీసుకుని ఆ గదిలోకి వెళ్ళి దాని ముందు నిలబడండి, ఛాతీకి తగులుతుంది. ఇక్కడ తగలదు. ఎందుకంటే ఇక్కడ మీరు వింటున్నది ఆంప్‌ని కాదు, ఒక మైకు స్పీకరుకి రెండంగుళాల దూరంలో విన్నదాన్ని. మోడలర్లు పోలాలని చూసేది దీన్నే. రికార్డుల్లో మనం ప్రేమించిన గిటారు ధ్వని కూడా ఇదే. పెట్టెని ‘గదిలో ఆంప్’తో పోల్చి తిట్టేవాళ్ళు అది చెయ్యబోని పనికి దాన్ని తప్పుపడుతున్నారు. పాతదైనా కొత్తదైనా సరే.

ఇప్పుడు దుప్పటి సంగతి.

గిటారు స్పీకరు అన్ని ధ్వనుల్నీ సమంగా పలికించదు. 5,000 హెర్ట్‌జ్ దాటాక నిట్టనిలువుగా పడిపోతుంది. ఆ పడిపోవడమే లేకపోతే ఓవర్‌డ్రైవ్ చేసిన గిటారు చెవులు కోసేస్తుంది. కుర్రాడు ఎర్ర పెట్టెలో స్పీకరు పెట్టె అనుకరణని, అంటే క్యాబ్‌ని ఆపేశాడు, వినండి. ఒక్క కార్డు చాలు, ఆపెయ్యండి. చూశారా, రంపం పెట్టినట్టు ఎలా గీసిందో. అంటే టోన్ అని మనం పిలిచేదాంట్లో సగానికి సగం స్పీకరుదీ, దాని ముందున్న మైకుదీ.

పాడ్ కాలపు చిప్‌లో ఈ స్పీకరుని అనుకరించడానికి దొరికిన లెక్కల జాగా చాలా తక్కువ. నాలుగైదు ముఖ్యమైన ఎత్తుపల్లాలు పట్టుకుని మిగతావి వదిలేశారు. ఎక్స్‌టీలో క్యాబ్‌తోపాటు నాలుగు మైకుల్లో ఒకటి ఎంచుకునే వీలుంది. అప్పటికి అది గొప్పే. కానీ అసలు స్పీకరులో ఎత్తుపల్లాలు వందల్లో ఉంటాయి. పేపరు కోన్ వంగే చోట్లు, చెక్కపెట్టె లోపలి ప్రతిధ్వని, మైకు జరిగిన ప్రతి అంగుళానికీ మారే గుంతలు. ఇవన్నీ కలిపితేనే గాలి తగిలినట్టుంటుంది. కొత్త పెట్టెలు దీనికి ఇంపల్స్ రెస్పాన్స్ వాడతాయి, అందరూ ఐఆర్ అంటారు. స్పీకరులోంచి 20 హెర్ట్‌జ్ నుంచి 20,000 దాకా పైకి జారే ఒక స్వరాన్ని పంపించి, మైకుతో తిరిగి పట్టి, ఆ రెండింటి మధ్య తేడాని లెక్కగట్టి ఒక చిన్న ఫైలు చేస్తారు. స్టాంప్‌లో అది 2,048 శాంపిళ్ళ పొడవు దాకా పడుతుంది. సెకనుకి 48,000 చొప్పున సుమారు 43 మిల్లీసెకన్లు. ఒక స్పీకరు మొత్తం స్వభావం ఆ కాస్తలో పట్టేస్తుంది.

మా దగ్గర ఈ అద్దం అవతలున్న జెన్సెన్ స్పీకరుదే ఐఆర్ ఉంది. ఇదే మైకుతో, మైకు ఇదే చోట ఉండగా తీసింది. ఇప్పుడు రెండు పెట్టెల్లోనూ క్యాబ్ ఆపేస్తున్నాం. రెండూ ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి. అక్కడ ఇగ్నైట్ ఆంప్స్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే నాడ్‌ఐఆర్ ప్లగిన్‌లో ఆ ఒక్క ఐఆర్‌నే రెంటికీ తగిలిస్తున్నాం. లెవెల్ సరిచూశావా తమ్మీ? సరే. ఎర్రది ముందు.

వాయించండి. ఆ ఈ మేజరే.

కుర్రాడు ఏమీ అనలేదు. హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకుని మానిటర్ల వైపు వంగాడు. కింది తీగల్లో కొయ్య శబ్దం వచ్చింది, పై తీగల చుట్టూ గాలి వచ్చింది. దుప్పటి పోయింది. ఇప్పుడు నల్లది. ఇప్పుడు అసలు ఆంప్. మళ్ళీ ఎర్రది.

“అన్నా, ఇది గా పాతదేనా?”

అదే పాతది. ఇన్నేళ్ళూ దాని ముఖం మీదున్న నింద చాలావరకు దాని స్పీకరు అనుకరణది. లోపల ఆంప్‌ని లెక్కగట్టిన పని అంత చెడ్డది కాదు. ప్రీసెట్టుకి ప్రీసెట్టు పోల్చేవాళ్ళకి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

అలాగని రెండూ ఒకటేనని నేననను. ఇప్పుడు మీ కుడిచేతి చిటికెన వేలు గిటారు వాల్యూమ్ నాబు మీద పెట్టండి. నాబు 10 మీద ఉండగా గట్టిగా కొట్టండి, ఆంప్ కొంచెం కరకరలాడుతోంది. వాయిస్తూనే 7కి దించండి. 5కి. అసలు ఆంప్‌లో ఏమైంది? కరకర కరిగి, తీగ శుభ్రంగా గంటలా మోగింది. మళ్ళీ పెంచితే కరుకుదనం ఎక్కడ మొదలైందో చెప్పలేనంత నెమ్మదిగా తిరిగొచ్చింది. నల్లదాంట్లో చెయ్యండి. దాదాపు అదే. 6 దగ్గర సగం శుభ్రం, సగం మురికి. ఆ మధ్య స్థితి నిలబడుతోంది, మెల్లగా కొడితే ఒకలా, గట్టిగా కొడితే ఇంకొకలా పలుకుతోంది.

ఇప్పుడు ఎర్రది. 10, బాగానే ఉంది. 7... ఇక్కడ ఆగండి. మీ వేలికి తెలిసిందా? మురికి తగ్గింది గానీ తీగ మెరవలేదు, ఊరికే చిన్నదైంది. 5 దగ్గర ప్రాణం తగ్గింది. మధ్యలో ఉండాల్సిన మెట్లు తక్కువ. పైగా తీగని మోగనిచ్చి చివరిదాకా వినండి. అసలు ఆంప్‌లో కరుకుదనం స్వరంతోపాటే మెల్లగా ఆరిపోతుంది. ఇక్కడ చివర్లో స్వరం ఒకటి, దాని మీద బుసబుసమనే పొర వేరొకటిగా విడిపోయాయి. చెవి దగ్గర పెట్టుకుని వింటే తప్ప తెలియదు, కానీ ఒకసారి విన్నాక వదలదు.

దీని వెనక ఉన్నది లెక్క. ట్యూబ్ ఆంప్‌లో ఏ భాగమూ ఒంటరిగా పనిచేయదు. మీరు గట్టిగా కొట్టినప్పుడు పవర్ ట్యూబులు ఎక్కువ కరెంటు లాగుతాయి. డీలక్స్‌లో ఆ కరెంటు జీజెడ్34 అనే రెక్టిఫయర్ ట్యూబు గుండా రావాలి, దాంతో వోల్టేజీ ఒక్క క్షణం కుంగుతుంది. ఆ కుంగుబాటు వల్ల మొదటి దెబ్బ కొంచెం నొక్కుకుపోయి, వెంటనే స్వరం ఉబుకుతుంది. మీ పిక్ కింద మెత్తగా తగిలేది అదే. గిటారిస్టులు దాన్ని సాగ్ అంటారు. హీలిక్స్ కుటుంబంలో ఆంప్ ఎడిట్ పేజీ తెరిస్తే సాగ్, బయాస్, రిపుల్ అని విడివిడి నాబులే ఉంటాయి. అంటే సర్క్యూట్‌లో భాగం భాగాన్నీ, అవి ఒకదాన్నొకటి లాగడాన్నీ కూడా లెక్కలోకి తెచ్చారు. పాత చిప్‌కి అంత ఓపిక లేదు.

ఇంకొక పరీక్ష ఉంది. నాకు ఇదే అన్నిటికన్నా ఇష్టం. రెండు పెట్టెల్లోనూ గెయిన్ బాగా ఎక్కువుండే మార్షల్ నమూనా పెడుతున్నాను. మీరు సన్న తీగ మీద 22వ ఫ్రెట్ పట్టుకోండి. చివరిది, అవును. అక్కడి స్వరం సుమారు 1,175 హెర్ట్‌జ్. కొట్టి, మెల్లగా ఒక పూర్తి స్వరం పైకి బెండ్ చెయ్యండి, 1,319 దాకా. వేళ్ళు నొప్పెడతాయి, తొందరపడకండి.

నల్లది. స్వరం పైకెళ్ళింది, అంతే.

ఎర్రది. కళ్ళు మూసుకోండి. మీ స్వరం పైకెళ్తోంది... కింద ఏదో సన్నగా, ఈలలాగా, ఎదురుగా కిందికి జారుతోంది. విన్నారా? మళ్ళీ చెయ్యండి. అదిగో.

అది మీ గిటారులో లేదు. ఏ ట్యూబ్ ఆంప్‌లోనూ లేదు. డిస్టార్షన్ అంటే ఒక స్వరం నుంచి దాని రెట్టింపులూ మూడింతలూ అయిదింతలూ పుట్టించడం. ఉదాహరణకి, సెకనుకి 48,000 శాంపిళ్ళు తీసే పెట్టె 24,000 హెర్ట్‌జ్ దాకానే సరిగ్గా రాసుకోగలదు. అంతకు మించినదేదైనా పుడితే అది పోదు, మడతపడి కిందికొస్తుంది. మీ 1,175కి 35వ హార్మోనిక్ 41,125. అలాంటి పెట్టెలో అది మడతపడితే 48,000లోంచి పోగా 6,875 దగ్గర తేలుతుంది. మీరు 1,319కి బెండ్ చేసేసరికి ఆ హార్మోనిక్ 46,165 అవుతుంది, మడతలో 1,835కి దిగుతుంది. మీరు పైకి లాగితే అది కిందికి జారింది అందుకే. దీన్ని ఏలియాసింగ్ అంటారు. ఆపాలంటే డిస్టార్షన్ లెక్క జరిగే చోట మాత్రం శాంపిళ్ళని ఎన్నో రెట్లు పెంచి, పైవన్నీ వడగట్టి, మళ్ళీ దించాలి. ఎన్ని రెట్లు పెంచితే చిప్ మీద అన్ని రెట్లు భారం. కొత్త చిప్‌లు మోస్తాయి. పాతవి మోయగలిగినంతే మోశాయి.

ఐఆర్ మార్చినంత మాత్రాన ఈ ఈల పోదు. స్పీకరు పై అంచుల్ని కోస్తుంది గానీ, అలా కిందికి దిగివచ్చినదాన్ని ఎలా కోస్తుంది? అది గిటారు పాడే చోటే.

కాస్త మంచినీళ్ళు తాగండి. గదిలో ఉక్కగా ఉంది, తెలుసు. ఇంకొక్కటే ఉంది.

కుర్రాడు ల్యాప్‌టాప్‌లో నామ్ తెరిచాడు. న్యూరల్ ఆంప్ మోడలర్ అని పూర్తి పేరు. స్టీవెన్ ఆట్కిన్సన్ అనే ఆయన రాసి అందరికీ ఉచితంగా వదిలిన ప్రోగ్రాము. ఇది సర్క్యూట్ జోలికి పోదు. మూడు నిమిషాలు దాటిన ఒక నిర్ణీత ధ్వని ఫైలుని మన ఆంప్‌లోంచి పంపి, బయటికి వచ్చినదాన్ని రికార్డు చేసిస్తే చాలు, రెండూ పక్కపక్కన పెట్టుకుని న్యూరల్ నెట్‌వర్క్ ఆ ఆంప్ పనిని నేర్చుకుంటుంది. అద్దం అవతలి డీలక్స్‌ని వాల్యూమ్ 6 మీద అలా నేర్పించాం. దీన్నే క్యాప్చర్ అంటారు. ఇంటర్‌ఫేస్ బఫర్ 64 శాంపిళ్ళకి పెట్టాడు, పిక్‌కీ ధ్వనికీ మధ్య ఆలస్యం మీకు తెలియదు. ఆంప్‌కి ఒక మీటరు దూరంలో నిలబడ్డా ధ్వని మీ దగ్గరికి చేరడానికి ఎటూ 3 మిల్లీసెకన్లు పడుతుంది.

వెనక్కి తిరిగి గోడవైపు కూర్చోండి. కుర్రాడు అసలు ఆంప్‌కీ నామ్‌కీ మధ్య మారుస్తుంటాడు. ఏది ఏదో చెప్పండి.

...

మీరు చెప్పలేకపోతున్నారు. నేనూ చెప్పలేను. వాల్యూమ్ నాబు దించినా, తీగ చివరి ఊపిరి విన్నా అదే. ఈ ఒక్క ఆంప్, ఈ ఒక్క నాబు స్థితి వరకు, ఈ రోజుల్లో దొరికే అతి దగ్గరి పోలిక ఇదే. ఇప్పుడు ట్రెబుల్ కొంచెం తగ్గించమని అడగండి. తగ్గించవచ్చు, కానీ అది ప్లగిన్‌లో తగిలించిన ఈక్వలైజరు, డీలక్స్ సర్క్యూట్‌లోని ట్రెబుల్ నాబు కాదు. ఆంప్‌లో ట్రెబుల్ తిప్పితే గెయిన్ కూడా కదులుతుంది. ఇక్కడ కదలదు. వాల్యూమ్ 4 మీద కావాలంటే మళ్ళీ నేర్పించాలి. రాత్రంతా నాబులు తిప్పుతూ టోన్ వెతికే అలవాటున్నవాళ్ళకి హీలిక్స్ తరహా మోడలింగే హాయి. ‘నాకు ఈ ఒక్క ఆంప్ చాలు’ అని తేల్చుకున్నవాళ్ళకి క్యాప్చర్‌ని మించింది లేదు. గెయిన్ బాగా పెంచిన క్యాప్చర్లలో ఏలియాసింగ్ ఈల మళ్ళీ వినిపించవచ్చు, అదీ గుర్తుంచుకోండి.

చివరగా బ్యాండ్‌లో పెడదాం. కుర్రాడు డ్రమ్స్, బేస్ ఉన్న ఒక ట్రాక్ మొదలుపెట్టాడు. మీరు రిథమ్ వాయించండి. కింది తీగలు అరచేత్తో నొక్కి పామ్ మ్యూట్, మధ్యలో కార్డులు. గోడవైపే చూడండి. ఎర్రది ఐఆర్‌తో, నల్లది ఐఆర్‌తో, వాడే మారుస్తాడు.

“ఇప్పుడు ఏదున్నది చెప్పుండ్రి సార్.”

నల్లది అన్నారు. కాదు, ఎర్రది. ఎర్రది అన్నారు. అదీ ఎర్రదే, సరిపోయింది. తర్వాతది నల్లది, మీరు ఎర్రదన్నారు. స్నేర్ పడుతున్నప్పుడు, సింబల్స్ మోగుతున్నప్పుడు ఆ చివరి బుసబుస ఎక్కడ వినిపిస్తుంది? బేస్ గిటారు కింద నిలబడ్డప్పుడు మీ పామ్ మ్యూట్ అడుగు ఎవరికి కావాలి? కాలేజీ ఫెస్ట్ స్టేజీ మీద సౌండ్ ఇంజినీరు ఇచ్చే, మిక్సర్‌కి నేరుగా వెళ్ళే ఒక్క డీఐ లైన్లోంచి పోయే రిథమ్‌కి, ఐఆర్ తోడుంటే, ఈ ఎర్ర పెట్టె ఈ రోజుకీ చాలు. ఒంటరిగా వాయించే క్లీన్ ముక్కకి చాలదు. పై ఫ్రెట్లలో పాడే లీడ్‌కి చాలదు. వాల్యూమ్ నాబుతో మాట్లాడే బ్లూస్ చేతికి అసలు చాలదు. ఆ మూడు చోట్లా కొత్తదానికి పెట్టిన డబ్బు పూర్తిగా న్యాయం.

నా తీర్పు ఇంతే. వినిపించే తేడాలో పెద్ద ముక్క స్పీకరు అనుకరణది, దాన్ని ఒక ఐఆర్‌తో దాదాపు ఉచితంగా సరిచేసుకోవచ్చు. మిగిలిన చిన్న ముక్క చెవికన్నా ముందు వేళ్ళకి తెలుస్తుంది. దాన్ని సరిచేసే దారి లేదు, కొత్తది కొనడమే. కాబట్టి మీ ఇంట్లో అటక మీద పాత పాడ్ ఉంటే వచ్చినకాడికి అమ్మెయ్యకండి. దించి, తుడిచి, క్యాబ్ ఆపి, ఒక మంచి ఐఆర్ తగిలించి, లెవెళ్ళు సరిచూసి వినండి. ఆ తర్వాత కూడా కొత్తది కావాలనిపిస్తే మీ గిటారే షాపుకి తీసుకెళ్ళండి. ప్రీసెట్లు తిప్పుతూ కూర్చోకండి. ఒక్క ఆంప్ పెట్టించుకుని, గిటారు వాల్యూమ్‌ని 10 నుంచి 5కి దించుతూ మీ చేత్తో మీరే వాయించి చూసుకుని కొనండి.